దిష్టి గీత

మా అమ్మ కుడిచెయ్యి పద్నాలుగు వేల మందికి ఉంది. ఆ పద్నాలుగు వేల మందిలో మా అమ్మ కూడా ఒకతె.

వినడానికి పొడుపుకథలా ఉంటుంది. ఆ నిర్వాకం నాదే కాబట్టి విప్పి చెప్పే పూచీ కూడా నాదే. నా పేరు సత్యవేణి. అచ్యుతాపురం దగ్గర యంత్రాల కార్ఖానాని ఆనుకుని ఉన్న పరిశోధనశాలలో పనిచేస్తాను. ఈ కథ మొదలయ్యేనాటికి మా అమ్మ నూకరత్నం అదే కార్ఖానాలో ఇరవై ఆరేళ్లుగా ఇనుము గీకుతోంది.

ఇనుము గీకడమా అని నవ్వకండి. యంత్రాలను తయారుచేసే యంత్రాలు కొన్ని ఉంటాయి. వాటికి ఆధారంగా ఉండే ఇనప దిమ్మ ఎంత చదునుగా ఉంటే, వాటినుంచి పుట్టే ప్రతి వస్తువూ అంత కచ్చితంగా వస్తుంది. దిమ్మని మిషన్ మీద ఎంత కోసినా చివరికి వెంట్రుకలో వందో వంతు మిట్టపల్లాలు మిగిలిపోతాయి. వాటిని మనిషి చెయ్యే తీయాలి. చదును పలకకి నీలం రంగు పూసి దిమ్మ మీద జరుపుతారు. ఎత్తుగా ఉన్నచోట నీలం అంటుకుంటుంది. ఆ నీలాన్ని స్క్రేపర్‌తో, అంటే పొడుగాటి ఉలితో, గీకేసి, మళ్లీ పూసి, మళ్లీ గీకుతారు. మిగిలినవాళ్లకి నాలుగు రోజులు పట్టే దిమ్మ మా అమ్మ చేతిలో రెండు రోజుల్లో తయారయ్యేది. "సంతన గోల గాదు, ఇనుము సెప్పిందే ఇనాల," అనేది. అంటే సంతలో గొడవలా కాకుండా, ఇనుము చెప్పేది నెమ్మదిగా వినాలని.

ఇది జరిగింది ఏడేళ్ల కిందట. అప్పటికే మా తీరం బాగా కలిగిన ప్రాంతమైపోయింది. రోడ్లు, బళ్లు, ఆస్పత్రులు, మిషన్లు, దేనికీ లోటు లేదు. ఆర్థిక వృద్ధి రేటు మాత్రం పదేళ్లుగా ఎదుగూ బొదుగూ లేకుండా సున్నా పాయింట్ నాలుగు శాతం దగ్గర కూర్చుంది. ఎందుకు కూర్చుందో కనిపెట్టమని ప్రభుత్వం మా పరిశోధనశాలకి అప్పగించింది. మా డైరెక్టర్ మృత్యుంజయరావు గారు ఒకరోజు క్యాంటీన్‌లో నా ప్లేటులోని దోసె తుంచుకుని తింటూ ఆ రోగం పేరు చెప్పారు.

"ఒక్క పెనం ఉన్న ఇంటికి రెండో పెనం ఇచ్చావనుకో, దోసెలు రెట్టింపవుతాయి. పది పెనాలున్న ఇంటికి పదకొండోది ఇస్తే?"

"అటక మీదకి పోతుంది సర్."

"మనది పది పెనాల ఇల్లు. ఇక మిషన్లు పెంచి లాభం లేదు. పనిచేసే తీరు మారాలి. మంచి తీరు మీ అమ్మగారి చేతిలో ఉంది. ఆవిడ రిటైరైతే ఆవిడతోనే పోతుంది. దాన్ని పట్టుకోగలవా?"

పట్టుకోగలనని అన్నాను. అప్పటికే నా బల్లమీద చేతితొడుగు నమూనా ఉంది.

*

అమ్మ ఇస్త్రీ చేసిన యూనిఫాంలో, తలనిండా మల్లెపూలతో పరిశోధనశాలకి వచ్చింది. తొడుగు చూసి, "ఓలమ్మా, ఇదేటే, ఆనపపాదునాగ ఇన్ని తీగలు!" అంది.

"కదపకమ్మా. నీ కండరాలకి మెదడు ఏం చెబుతోందో అదంతా రాసుకుంటుంది."

"నా మెదడు ఏటి సెప్తాదే? మజ్జాన్నానికి కూరేటని అడుగుతాది."

తొడుగు కుడిచేతికే చేశాను. స్క్రేపర్‌ని నడిపేది కుడిచెయ్యి. ఎడమచెయ్యి ఊరికే పైనుంచి అదిమి పడుతుంది కదా, దానికెందుకు దండగ అనుకున్నాను. నా బద్ధకాన్ని పొదుపు అనుకునే అలవాటు నాకు చిన్నప్పటినుంచీ ఉంది.

పదకొండు రోజుల్లో అమ్మ, దిమ్మలకి బదులు, ముప్ఫై ఒక్క చిన్న ఇనప పలకలు గీకింది. తొడుగు ఆమె చేతి కదలికలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి, వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదాన్ని నేర్చుకుంటుంది. రేపు ఆ తొడుగుని ఇంకొకరు వేసుకుంటే, వాళ్ల చెయ్యి దారి తప్పబోయినప్పుడల్లా లోపలి తీగలు మెల్లగా లాగి అమ్మ దారిలో పెడతాయి. అంతా చక్కగా కుదురుతోంది, ఒక్కటి తప్ప. ప్రతి పలకా పూర్తయ్యాక అమ్మ దాన్ని తిరగేసి, ఉఫ్ మని ఊది, ఎవరూ చూడని వెనకవైపున నాలుగు నిమిషాలు ఏదో గీసేది.

"అదేమిటమ్మా, పని అయిపోయాక?"

"దిష్టి గీత. మంచి పని సేసినప్పుడు ఎనకాల ఓ గీత గియ్యాల. నేకపోతే దిష్టి తగుల్తాది. మా గురువు ఎర్రయ్య తాత ఏటనీవోడంటే..."

"ఎర్రయ్య తాత కబుర్లు ఇంటిదగ్గర చెప్పుకుందాం. ఇక్కడ నిమిషం నిమిషం రికార్డవుతోంది."

అమ్మ నోరు మూసుకుంది. అమ్మ నోరు మూయించడం అంత తేలికని నాకు అంతకుముందు తెలియదు.

పసిపిల్ల అరికాల్లో కాటుకచుక్క పెట్టినట్టు ఇనుముకి దిష్టి తియ్యడం నాకు నవ్వు తెప్పించింది. పైగా ఆ గీతలు నా లెక్కని తినేస్తున్నాయి. ముప్ఫై ఒక్క పలకల మీద ముప్ఫై ఒక్క రకాలు. ఒకటి వంకర, ఒకటి చుక్కలు, ఒకటి ఉలిని తిరగేసి పట్టుకుని గీసింది. ఏ రెండూ కలవవు. ఉమ్మడి ఏమీ లేనిచోట తొడుగు ఏం నేర్చుకుంటుంది? ప్రయోగాల పుస్తకంలో ఇలా రాశాను: "చివరి గీతలు మూఢాచారం. ఒక నియమం లేదు. పలకకి నాలుగు నిమిషాలు వృథా. తొలగించాను." కింద సంతకం చేసి తేదీ కూడా వేశాను.

*

తరవాతది అందరికీ తెలిసిన కథే. ఆరు వారాల శిక్షణతో వచ్చినవాళ్లు తొడుగు వేసుకుని ఇరవై ఆరేళ్ల పనితనం చూపించారు. తీరమంతా కార్ఖానాలు తొడుగులు తెప్పించుకున్నాయి. ఒక్క ఏడాదిలో వృద్ధి సున్నా పాయింట్ నాలుగు నుంచి మూడు పాయింట్ ఒకటికి ఎగిరింది. మృత్యుంజయరావు గారు పరిశోధనశాలలో అందరికీ మాడుగుల హల్వా పంచారు. నన్ను పిలిచి శాలువా కప్పారు. ఆ శాలువా అమ్మ ఇప్పటికీ మడత విప్పకుండా దాచింది.

ఆ ఏడాది చివర్లో కార్ఖానా ఒక ఉత్తర్వు ఇచ్చింది. పని అంతా ఒకే తీరున ఉండాలట, గీకేవాళ్లందరూ తొడుగు వేసుకోవాలట. అందరూ అంటే అమ్మ కూడా.

"నా సెయ్యి నాకే తొడిగినారు," అని ఇంటికొచ్చి నవ్వింది. "సరిపోయిందో నేదో సూసుకోడానికి అద్దమొకటి ఇమ్మన్నాను."

నేనూ నవ్వాను. నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. నవ్వుకోవడానికి మాకు ఇంతకంటే పెద్ద కారణాలు అక్కర్లేదు.

అమ్మ చేపలపులుసు గురించి ఇక్కడ చెప్పాలి. ఆమె దాన్ని రెండుసార్లు ఒకేలా చేసిన పాపాన పోలేదు. ఒకరోజు మామిడికాయ, ఒకరోజు వాక్కాయ, ఒకసారి బెల్లం మరీ ఎక్కువేసి పాయసంలా చేసింది. బాగా కుదిరినరోజు ఎలా చేశావంటే, "ఏమో, సెయ్యి ఎలాగెళ్తే అలాగ," అనేది. తొడుగు వచ్చిన రెండో ఏడాదికి ఆ పులుసు ఒక తీరుకి వచ్చింది. మూడో ఏడాదికి ఉల్లిపాయ ముక్కలు కొలిచి కోసినట్టున్నాయి, ఉప్పు పిసరంత అటూ ఇటూ కాలేదు. "ఇప్పటికి కుదిరిందమ్మా నీకు వంట," అని మెచ్చుకున్నాను. అమ్మ తన కుడిచేతి వైపు చూసుకుంది. ఆ చూపుని నేను తృప్తి అనుకున్నాను, చదువుకున్న గుడ్డిదాన్ని.

*

వృద్ధి మూడు పాయింట్ ఒకటినుంచి రెండున్నరకి, అక్కణ్నుంచి ఒకటికి జారింది. ఏడో ఏట సున్నా పాయింట్ మూడు. మొదలుపెట్టిన చోటుకంటే కిందకి.

మృత్యుంజయరావు గారు నన్ను పిలిచి ఒక ఫైలు ముందుపెట్టారు. "తొడుగు తప్పు కాదు సత్యవేణీ, అది చాలినంతమందికి చేరలేదు, అంతే. రెండో దశలో నర్సులు, నేతగాళ్లు, తాపీ మేస్త్రీలు, వంటవాళ్లు. ఇరవై లక్షల చేతులు. కనిపెట్టినదానివి నువ్వు కాబట్టి నీ సంతకం లేకుండా ఇది కదలదు. సోమవారానికి కావాలి. కార్ఖానాలో తొడుగువల్ల వచ్చిన మెరుగుదలల జాబితా ఒకటి దీనికి జతచెయ్యి."

ఆ జాబితా కోసమే కార్ఖానా రిజిస్టర్ తీశాను. తొడుగుకి ముందు ముప్ఫై ఏళ్లలో పని తీరులో వచ్చిన మెరుగుదలలు నలభై మూడు. తొడుగు వచ్చాక ఒక్కటి కూడా లేదు. తప్పు చూశానేమోనని పేజీలు మళ్లీ తిప్పాను. ఆరేళ్లుగా పద్నాలుగు వేలమంది చక్కగా, ఏ పొరపాటూ లేకుండా, అమ్మ ఏడేళ్ల కిందట చేసిన పనే చేస్తున్నారు.

మరి పాత నలభై మూడూ ఎక్కణ్నుంచి వచ్చాయి? రిజిస్టర్‌లో తేదీలున్నాయి గానీ పుట్టుక లేదు. కరిగించడానికి తెచ్చిన పాత దిమ్మలు కార్ఖానా వెనక పెరట్లో ఉంటాయి, వాటిమీద పోతపోసిన సంవత్సరం ఉంటుంది. శనివారం పొద్దున్నే అక్కడికి వెళ్లాను. అమ్మ పలకలు తిరగెయ్యడం గుర్తొచ్చి, దిమ్మల వెనక, యంత్రంలో గోడవైపు ఉండే పక్కన తుప్పు రుద్దాను.

మొదట కనిపించింది అర్ధచంద్రాల వరస. దిమ్మ మీద అర్ధచంద్రాలు గీకితే ఆ గుంటల్లో నూనె నిలిచి దిమ్మ మూడింతల కాలం అరగకుండా ఉంటుంది. ఇప్పుడు తీరంలో ప్రతి దిమ్మకీ అవి ఉన్నాయి. రిజిస్టర్‌లో ఆ మెరుగుదల తేదీకి మూడేళ్ల ముందు పోసిన దిమ్మ ఇది. ఎదరవైపు మామూలు పాత పని. వెనక, ఎవరూ చూడనిచోట, ఆ చంద్రాలు. వాటి పక్కన ఉలితో చెక్కిన పొట్టి అక్షరాలు: ఎర్రయ్య.

సాయంత్రానికల్లా నాలుగు వందల దిమ్మలు రుద్దాను. గోళ్లు ఊడిపోయినంత పనైంది. ఎన్నో పిచ్చి గీతలు, ఎందుకూ కొరగానివి. వాటి మధ్య, నలభై మూడు మెరుగుదలల్లో ఇరవై తొమ్మిది. అన్నీ మొదట దిష్టి గీతలుగా పుట్టినవే. తొడుగు వచ్చాక పోసి, చిట్లిపోయి పెరట్లోకి చేరిన కొత్త దిమ్మల వెనక ఏమీ లేదు. అప్పుడే గుండు చేయించినట్టు నున్నగా ఉన్నాయి.

ప్రయోగాల పుస్తకం తీసి నా రాత చదువుకున్నాను. నాలుగు నిమిషాలు వృథా. తొలగించాను. అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉన్నాయి. నామీద నాకు ఒళ్లుమండిపోయింది.

*

కోపం పోయాక సంతోషం వచ్చింది. పోయింది నాలుగు నిమిషాలే కదా, తిరిగి పెడితే సరి! ఆదివారం మధ్యాహ్నం అమ్మ అరుగుమీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఒక చిన్న పలక, స్క్రేపర్ తెచ్చి ముందుపెట్టాను.

"అమ్మా, ఆరోజు ఎర్రయ్య తాత ఏమనేవాడో చెప్పబోయావు. ఇప్పుడు చెప్పు."

అమ్మ నావంక వింతగా చూసింది. "ఇన్నేళ్లకి గుర్తొచ్చిందేటి? ఎదరపక్క కంపినీది, ఎనకాలపక్క నీది అనీవోడు. ఎనకాల నీకు నచ్చినట్టు గియ్యి, నిన్న గీసినట్టు మాత్రం గియ్యకు. రోజూ ఒకేలాగ గీస్తే దిష్టి పోదు, నీకే తగుల్తాదనీవోడు."

"అయితే ఒకటి గియ్యమ్మా. నా కోసం. తొడుగు లేకుండా."

అమ్మ స్క్రేపర్ అందుకోలేదు. చిక్కుడుకాయలు పక్కనపెట్టి చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం చాలాసేపు సాగింది. తరవాత పలక ఒళ్లో పెట్టుకుని గీసింది. అందమైన గీత, వంక పెట్టడానికి లేదు. తొడుగు గీసే గీత అది.

"ఇంకోలా, అమ్మా."

మళ్లీ అదే గీత. మళ్లీ అదే. ఉలిని తిరగేసి పట్టుకుంది. పిడికిలి దానంతటదే తిప్పి సరిగ్గా పట్టుకుంది. ఆమె మణికట్టు మీద నరాలు తేలాయి. చెయ్యిని ఎడంపక్కకి లాగాలని ఆమె చూస్తోంది, చెయ్యి వినడంలేదు.

"నాలుగేళ్లయిందమ్మా," అంది మెల్లగా. "ఓరోజు ముగ్గెయ్యబోతే సెయ్యి పొడుగ్గీతే గీసింది. పులుసులో ఉప్పెయ్యబోతే అదే కొలత. నాను ఏటనుకున్నా అదెళ్లీ దారినే అదెళ్తాది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు కట్టిన తొడుగు గదేటి. నీకు శాలువా కప్పినారు. తల్లి సెయ్యి సెడిపోనాదంటే నీ పేరేటైపోతాది?"

నేను పలకమీద తలపెట్టి ఏడ్చాను. ఇనుము వాసన, నీలం వాసన. నా చిన్నప్పుడు అమ్మ డ్యూటీ దిగి ఎత్తుకున్నప్పుడు వచ్చే వాసన. అమ్మ నా జుట్టు నిమిరింది. నిమరడం కూడా ఒకే కొలతలో, ఒకే చోటినుంచి ఒకే చోటికి వెళ్లింది. ఆ సంగతి నాకు తెలిసిందని ఆమెకి తెలియనివ్వకూడదని గట్టిగా ఊపిరి బిగబట్టాను.

*

సోమవారం సంతకం లేని ఫైలు తీసుకెళ్లి మృత్యుంజయరావు గారి బల్లమీద పెట్టాను.

"సర్, నేను చేసింది పదకొండో పెనం. ఉన్న పిండినే పద్నాలుగు వేల పెనాల మీద పోశాను. దోసెలు పెరిగినన్నాళ్లు పెరిగాయి. పిండి కలిపే తీరు మార్చే చేతుల్ని మాత్రం నేనే కట్టేశాను."

నేను పెరట్లో తీసిన ఫొటోలన్నీ ఆయన ఓపిగ్గా చూశారు. "రోజూ నాలుగు నిమిషాలు తొడుగులు తీయించమంటావు. ఫలితం ఎప్పటికి వస్తుంది?"

"తెలియదు సర్."

"మీ అమ్మగారు మొత్తం ఎన్ని గీతలు గీసుంటారు? వాటిలో పనికొచ్చినవెన్ని?"

"మూడు వేలకి తక్కువుండవు. పనికొచ్చినవి నాలుగు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నన్ను తిడతారనుకున్నాను. "ఆ లెక్కతో నేను ప్రభుత్వాన్ని ఒప్పించలేను సత్యవేణీ. కానీ ఫైలు ఇక్కడే ఆపగలను. ఒక షెడ్డు తీసుకో. అరవైమంది, ఒక ఏడాది," అన్నారు. నేను తలుపు దాకా వచ్చాక వెనకనుంచి అడిగారు. "అమ్మగారి చెయ్యి నయమవుతుందా?"

దానికి కూడా తెలియదనే చెప్పాను.

*

షెడ్డులో మొదటిరోజు పని ఆఖర్న అరవైమందీ తొడుగులు తీసి, పలకలు తిరగేశారు. "మీకు తోచింది గియ్యండి," అన్నాను. అందరూ ఉత్సాహంగా వంగారు. నాలుగు నిమిషాలయ్యాక వరసగా చూసుకుంటూ వెళ్లాను. అరవై పలకలమీద ఒకటే గీత. అమ్మ గీత. పొడవు కూడా తేడా లేదు.

కొంతమంది తమ చేతుల్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నారు. ఒకమ్మాయి చెయ్యి వెనక దాచుకుంది. నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది.

అరవయ్యో పలక అమ్మది. చివరి బల్ల దగ్గర ఆమె ఇంకా దానివైపే చూస్తోంది. తరవాత స్క్రేపర్‌ని కుడిచేతిలోంచి తీసి ఎడమచేతిలో పెట్టుకుంది.

"అమ్మా, ఆ చెయ్యికి పని రాదు కదా," అన్నాను.

"రాదు గాబట్టే," అంది.

ఎడమచేత్తో నెట్టింది. ఉలి జారింది. మళ్లీ నెట్టింది. కీచుమని చప్పుడొచ్చింది, ముప్ఫై మూడేళ్ల కిందట ఆమె మొదటిరోజు చేసిన చప్పుడు అలాగే ఉండి ఉంటుంది. నాలుగు నిమిషాలయ్యేసరికి పలకమీద మేకపిల్ల నడిచినట్టు ఏదో పడింది. ఎగుడుదిగుడు, ఒకచోట లోతు, ఒకచోట అసలు లేదు.

అమ్మ దాన్ని వెలుగుకి పట్టుకుని చూసి పకపకా నవ్వింది. "సీ, ఎంత సెండాలంగుందో! ఎర్రయ్య తాత బతికుంటే మొట్టికాయేసీవోడు." నవ్వుతూనే నా చేతికిచ్చింది. "ఇది పనికొస్తాదో రాదో నాకు తెల్దమ్మా."

పక్కబల్ల మనిషి అప్పటికే స్క్రేపర్‌ని ఎడమచేతికి మార్చుకున్నాడు. షెడ్డంతా కీచు చప్పుళ్లు మొదలయ్యాయి.

ఆ సాయంత్రం అమ్మ చేపలపులుసు వండింది. నేను వాకిట్లో కూర్చుని, వంటింట్లో డబ్బా కిందపడటం, "నీ దుంపతెగ" అని ఆమె ఎడమచేతిని తిట్టుకోవడం విన్నాను. కంచం ముందుకొచ్చింది. మొదటి ముద్ద పెట్టుకున్నాను. ఉప్పు కషాయం.

"ఎలాగుంది?" అంది అమ్మ, నా మొహంలోకి చూస్తూ.

ఐదేళ్లలో మొదటిసారి అమ్మకి వంట చెడింది. నేను మారు వడ్డించమన్నాను.